సున్నానికి మార్చి 31 తెలియదు

ఖజానా శాఖలో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి రూపాయి మీద భ్రమ తగ్గుతుంది, తేదీ మీద గౌరవం పెరుగుతుంది. అదే లక్ష రూపాయలు మే నెలలో వస్తే ఒక పని అవుతుంది, అక్టోబరులో వస్తే ఇంకో పని అవుతుంది, మార్చి 28న వస్తే ఏ పనీ సరిగా అవదు. కాగితం మీద మాత్రం మూడూ ఒకటే లక్ష. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ తేడా నాకు బిల్లుల మీద తారీఖుల్లో కనిపించేది. రిటైరయ్యాక గుళ్లూ కోటలూ అడవులూ పట్టుకుని తిరగడం మొదలుపెడితే, అదే తేడా గోడల మీదా చెట్ల కిందా కనిపించసాగింది.

ఫిబ్రవరి దాటిందంటే మా కౌంటర్ ముందు సందడే వేరు. “ల్యాప్స్ అయిపోతుంది సార్, ఇవాళ టోకెన్ పడేట్టు చూడండి” అన్నదే అందరి నోటా మాట. ఏప్రిల్‌లో బడ్జెట్ ఉందంటారు. ఆగస్టులో సగం విడుదలవుతుంది. దసరా అయ్యాక ఫ్రీజింగ్ అంటారు. చివరికి మార్చిలో తాళం తీస్తారు. ఏడాది పొడవునా చేయాల్సిన పని ఆ మూడు వారాల్లో చేసి బిల్లు పెట్టాలి. ఈ జబ్బు ఒక్క రాష్ట్రానిది కాదు. చివరి మూడు నెలల్లో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు చేయకూడదని కేంద్ర ఆర్థిక శాఖే తన శాఖలకు నియమం పెట్టుకోవాల్సి వచ్చింది. నియమం దాకా వెళ్లిందంటేనే జబ్బు ఎంత పాతదో అర్థమవుతుంది.

ఆఫీసు ఫర్నిచర్ మార్చిలో కొన్నా జూన్‌లో కొన్నా పెద్ద తేడా ఉండదు. పాత కట్టడాల సంగతి అలా కాదు. ఎందుకు కాదో నాకు తెలియజెప్పింది ఒక సున్నపు గుంట.

హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పునరుద్ధరణ జోరుగా సాగుతున్న రోజుల్లో అక్కడ చాలాసేపు నిలబడి మేస్త్రీల పని చూసేవాణ్ని. సిమెంటు బస్తా కోసి, ఇసుక కలిపి, సాయంత్రానికి గోడ ముగించే పని కాదది. సున్నాన్ని నీళ్లలో చల్లార్చి గుంటలో మురగబెట్టాలి. రోజులు చాలవు, వారాలు పడుతుంది. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో నూరాలి. డంగు సున్నమంటే అదే. పాతకాలపు మేస్త్రీలు అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కూడా కలిపేవారు. గోడకు ఒక పూత పూశాక గోనెపట్టాలు తడిపి కప్పాలి, అది ఆరకుండా చూసుకోవాలి, గట్టిపడ్డాకే రెండో పూత. ఒక నడివయసు మేస్త్రీ గుంటలోంచి గరిటెతో కాస్త సున్నం తీసి చూపించాడు. వెన్నలా జారుతోంది. “ఇంకా కాలేదు సార్, ఇంకో పది రోజులుండాలి” అన్నాడు. ఆ మాట వింటే నాకు మా కౌంటర్ ముందు బారులు తీరిన కాంట్రాక్టర్లు గుర్తొచ్చారు. డబ్బు మార్చి రెండో వారంలో చేతికొచ్చి, 31లోపు పని పూర్తయిందని రాసివ్వాల్సిన మనిషి ఈ గుంట దగ్గర ఏం చేస్తాడు? సిమెంటు తెస్తాడు. ఆ స్థితిలో ఎవరైనా తెచ్చేది అదే.

అలా తెచ్చి పూసిన సిమెంటే పాత గోడలకు శత్రువైంది. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేదు. ఉప్పు పేరుకుంటుంది, గచ్చు ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఎంతో శ్రమ, ఎంతో ఖర్చు గత దశాబ్దాల్లో పూసిన సిమెంటును గీకి తీసేయడానికే అయ్యాయి. అంటే ఒకప్పుడు మరమ్మతు పేరిట ఖర్చు పెట్టాం, తర్వాత ఆ మరమ్మతును తుడిచేయడానికి మళ్లీ ఖర్చు పెట్టాం. రెండు ఖర్చులూ ఆడిట్‌లో సక్రమంగానే ఉంటాయి.

అక్కడ పని బాగా జరగడానికి కారణం ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ లాంటి సంస్థ ఉండటమేనని, ప్రైవేటు చేతికిస్తే అన్నీ బాగుపడతాయని చాలామంది అంటారు. నాకు అందులో సగమే నిజం కనిపించింది. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, 2024 దాకా పని సాగింది. పదేళ్లకు పైగా ఒకే పని మీద కూర్చుంటామన్న భరోసా ఉంది కాబట్టే సున్నపు గుంట ఎప్పుడూ నిండుగా ఉంది, పని నేర్చిన మేస్త్రీ మర్నాడూ వచ్చాడు. అదే భరోసా సర్కారు ఇస్తే సర్కారు పనీ అలాగే జరుగుతుంది. ఏడాదికొకసారి తెగిపోయే భరోసా అయితే ప్రైవేటు డబ్బు కూడా గేటు, లైట్లు, మరుగుదొడ్లతో సరిపెట్టుకుంటుంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన వారసత్వ కట్టడాల దత్తత పథకం ఎక్కువగా చూసుకున్నది ఆ సదుపాయాలనే. ఎర్రకోటతో పాటు మన గండికోటను కూడా 2018లో ఒక సిమెంటు కంపెనీకి దత్తతిచ్చినప్పుడు దేశమంతా గొడవ జరిగింది. సందర్శకులకు తాగునీళ్లు, బెంచీలు కావాల్సిందే, కాదనను. గోడ సంగతి మాత్రం వేరే లెక్క.

గోడ సంగతి చాలాసార్లు ఒక రావి మొక్కతో మొదలవుతుంది. పిట్ట రెట్టలోంచి పడ్డ గింజ గోపురం రాళ్ల సందులో మొలుస్తుంది. మొదటి ఏడాది అది చిటికెన వేలంత ఉంటుంది. తాడు కట్టుకుని ఎక్కిన ఒక కూలీ అరపూటలో వేరుతో సహా పీకి, ఆ సందులో కాస్త సున్నం కూరి దిగుతాడు. నాలుగేళ్లు వదిలేస్తే వేరు రాయి వెనక్కి దూరుతుంది. పైకొమ్మ నరికినా లాభం ఉండదు, మరుసటి వానకు రెట్టింపు చిగురేస్తుంది. పదేళ్లు వదిలేస్తే రాళ్లు విప్పి, అంకెలు వేసి, వేరు తీసి, మళ్లీ పేర్చాలి. మొదటి ఏడాది ఒక కూలీ రోజు కూలితో పోయేది పదో ఏట లక్షలు అడుగుతుంది. విచిత్రమేమిటంటే ఆ లక్షలు మంజూరవుతాయి, ఆ రోజు కూలి మంజూరవదు. లక్షల పనికి అంచనా ఉంటుంది, టెండరు ఉంటుంది, చివర్లో శిలాఫలకమూ ఉంటుంది. మొక్క పీకినందుకు ఎవరి పేరూ చెక్కరు.

డబ్బుంటే అన్నీ నిలుస్తాయన్న నమ్మకం శ్రీకాళహస్తి ముందు నిలవదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. అది రాబడి లేని గుడి కాదు. రాహుకేతు పూజలకు దేశం నలుమూలల నుంచి జనం వచ్చే క్షేత్రం. గోపురం పగుళ్లు ముందే కనిపించాయి. చుట్టుపక్కల నుంచి మనుషుల్ని పంపించేశారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అదే చోట దాతల డబ్బుతో కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఘనంగానే ఉంది. కానీ రాయల కాలపు ఇటుకా సున్నమూ ఇప్పుడు అందులో లేవు. కూలిన తర్వాత కోట్లు దొరికాయి. పగులు సన్నగా ఉన్నప్పుడు చూసి, రాసి, పూడ్చే దినచర్యే దొరకలేదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిది ఇంకో పాఠం. ఆ గుడి కల్యాణ మండపాన్ని తిరిగి కట్టడం కోసం 2006 ప్రాంతంలో విప్పి, రాళ్లకు అంకెలు వేసి పక్కన పెట్టారు. మళ్లీ నిలబడి ప్రారంభమయ్యేసరికి 2024 మార్చి వచ్చింది. విప్పిన ఏడాది పుట్టిన పిల్లలు ఓటు వేసే వయసుకొచ్చారు. చివరికి పూర్తి చేశారు, అందుకు సంతోషించాలి. అయితే ఇలాంటి పనుల్లో ఆగిన ప్రతి నెలకూ ఒక ధర ఉంటుంది, అది అంచనాల్లో కనపడదు. పని ఆగితే రాయి ఎక్కడికీ పోదు, శిల్పి పోతాడు. బతుకుదెరువు కోసం ఇంకో ఊళ్లో కొత్త గుడి పనికి కుదిరిపోతాడు. మళ్లీ డబ్బు వచ్చినప్పుడు అతని కోసం వెతకాలి.

పాత శాసనాలు చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలిగించేది ఒకటే. గుడి కట్టించిన రాజో సేనానో అక్కడితో చేతులు దులుపుకోలేదు. ఓరుగల్లు రాజ్యంలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం, అంటే మన రామప్ప గుడి కట్టించి, దాని పోషణకు ఊళ్లే రాసిచ్చాడు. దక్కన్‌లో ఆ కాలపు దానశాసనాలు అంగరంగభోగాలకు ఇంత అని రాసి, దాని పక్కనే ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణకు ఇంత అని కూడా రాస్తాయి. విరిగినవీ పగిలినవీ బాగుచేయడానికని కట్టిన రోజే భూమి కేటాయించారన్నమాట. చెరువులకు దశబంధం ఉండేది. చెరువు తవ్వించి చూసుకునేవాడికి దాని ఆయకట్టులో కొంత వాటా దక్కేది. కట్ట గట్టిగా ఉంటేనే పంట, పంట ఉంటేనే వాడికి రాబడి. మరమ్మతుకు ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు.

అదంతా స్వర్ణయుగమని నేననను. మాన్యాలు అన్యాక్రాంతమయ్యాయి, ధర్మకర్తలే మింగిన చోట్లూ ఉన్నాయి, వెట్టితో తవ్విన చెరువులూ ఉన్నాయి. ఆ పద్ధతిని తిరిగి తేవడం కుదరదు, తేనక్కర్లేదు. నేను గ్రహించింది ఒక్క విషయం. నిర్మాణపు ఖర్చూ నిర్వహణ ఖర్చూ వాళ్లకు ఒకే పద్దు. మనం వాటిని విడదీశాం. నిర్మాణానికి పథకం పేరు పెట్టాం, నిర్వహణకు ‘ఇతరములు’ అని పేరు పెట్టాం. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు మొదట పడేది ‘ఇతరముల’ మీదే. రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు తెలుగువాళ్లంతా పండగ చేసుకున్నాం, నేనూ చేసుకున్నాను. హోదా వచ్చిన చోటికి నిధులు నడిచొస్తాయి. అక్కడికి కొద్ది దూరంలోనే కాకతీయులవే అయిన ఘనపురం కోటగుళ్లు ఉన్నాయి. శిథిలాల మధ్య తిరిగితే, ఏటేటా అందాల్సిన చిన్న సొమ్ము అందకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రాతికి కనీసం కొన్నేళ్ల ఓపిక ఉంది. అడవికి అదీ లేదు. నల్లమలలో ఒక చెంచు వాచరుతో నడిచినప్పుడు ఇది బోధపడింది. ఉమ్మడి రాష్ట్రంలో నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోనే అతిపెద్ద పులుల అభయారణ్యం. 2014 తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ రిజర్వుగా వేరుపడింది. ఎండాకాలంలో అక్కడ పులి కంటే పెద్ద భయం నిప్పు. ఆకు రాలాక, ఎండ ముదరక ముందు ఫైర్ లైన్లు గీయాలి. అంటే దారుల వెంబడి గడ్డీ ఆకూ ఊడ్చి, కాల్చి, నేల కనిపించేలా చాళ్లు వదలాలి. “ముందుగాల గీస్తే మళ్ల ఆకు రాలి కప్పుకుంటది సారూ. ఎనక గీస్తే కాళ్ల కిందనే అంటుకుంటది. జనవరి, ఫిబ్రవరి దాటనీయొద్దు” అన్నాడాయన, చేతికర్రతో ఆకుల్ని పక్కకు నెట్టి చూపిస్తూ. జంతువుల కోసం తవ్విన సాసర్ పిట్లకూ గడువుంది. కుంటలు ఎండే రోజు నుంచీ ట్యాంకరుతో నీళ్లు పోయాలి. వానలు పడ్డాక ట్యాంకరు బిల్లు మంజూరైతే ఎవరికి లాభం?

ఆ గడువుల పక్కన డబ్బు నడిచే దారిని పెట్టి చూశాను. 1973లో మొదలైన ప్రాజెక్ట్ టైగర్ కింద మన రాష్ట్రాల్లాంటి చోట్ల ఏటా అయ్యే ఖర్చులో కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించాలి. ముందు రిజర్వు వాళ్లు ఏడాది ప్రణాళిక పంపాలి. దిల్లీలో పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఒప్పుకోవాలి. పోయినేడాది సొమ్ము ఖర్చయినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లాలి. అప్పుడు కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు వస్తుంది. రాష్ట్రం తన వాటా కలిపి కిందికి వదలాలి. ఈ మెట్లలో ప్రతిదానికీ కారణం ఉంది. అవి ఎందుకున్నాయో ఖజానాలో పనిచేసిన నాకు బాగా తెలుసు. లెక్క అడగకుండా సొమ్మిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా అన్ని మెట్లూ దిగి బేస్ క్యాంపుకు చేరేసరికి శివరాత్రి దాటితే, ఆ ఏడాది ఫైర్ లైన్ డబ్బు మంటలార్పడానికి ఖర్చవుతుంది.

పెంకుటిల్లున్న ఆసామి మృగశిర కార్తె రాకముందే పెంకులు సర్దించుకుంటాడు, అప్పు చేసైనా సరే. కార్తె తన కోసం ఆగదని వాడికి తెలుసు. ప్రభుత్వపు ఆర్థిక సంవత్సరానికి ఏప్రిల్, మార్చి తప్ప కార్తెలు లేవు.

ఈ ఇబ్బందికి అడవి వైపు ఒక దారి దొరికింది. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి పులుల రిజర్వుకూ ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేసుకునే వీలు కల్పించారు. సఫారీ రుసుము లాంటి రాబడిని అక్కడే ఉంచుకుని అక్కడే ఖర్చు పెట్టుకోవచ్చు. స్థానిక చెంచు యువకుల్ని గైడ్లుగా పెట్టుకున్నా, జీపు టైరు మార్చినా దిల్లీ దాకా ఫైలు నడవాల్సిన పని లేదు. పురావస్తు కట్టడాల టిక్కెట్టు కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గోల్కొండ దగ్గర మనం పెట్టే పాతిక రూపాయలు గోల్కొండకు చెందవు, కేంద్ర సంచిత నిధిలో జమవుతాయి. చార్మినార్ టిక్కెట్టూ అంతే. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడి కింద పడినప్పుడు, ఇంతమంది కొన్న టిక్కెట్ల డబ్బు ఏమైందని అడిగినవాళ్లకు అదే జవాబు.

అయితే ఎవరి గేటు డబ్బు వాళ్లకే ఇవ్వాలా? మొదట్లో నాకూ అదే న్యాయమనిపించేది. ఆలోచించినకొద్దీ అంత తేలిక కాదనిపించింది. అలా చేస్తే తాజ్‌మహల్‌కు కరువుండదు, చార్మినార్‌కూ ఉండదు. టిక్కెట్టే లేని వేల కట్టడాలు ఏం కావాలి? పొలం మధ్య గుండు మీద ఉన్న ఒంటరి శాసనం ఎవరికి టిక్కెట్టు అమ్ముకుంటుంది? ఉమ్మడి కుండలో వేసి పంచడం వెనక ధర్మం ఉంది. ఉన్నచోటి నుంచి లేనిచోటికి పారాలన్నదే ఆ ధర్మం. పారుతోందా అన్నదే అనుమానం. కాగ్ 2013 నివేదిక తన బృందాలు వెళ్లి చూసిన 1,655 కట్టడాల్లో 92 కనిపించడం లేదని తేల్చింది. తర్వాత వాటిలో చాలావాటి జాడ తెలిసినా, 24 మాత్రం దొరకలేదు. 3,693 రక్షిత కట్టడాలకు గాను 248 చోట్ల మాత్రమే కాపలా పెట్టగలిగారని 2022లో పార్లమెంటరీ సంఘం ముందుకొచ్చిన లెక్క. కట్టడం మాయమవడానికి భూకంపం రానక్కర్లేదు. చూసే మనిషి ఒక్కడు లేకపోతే చాలు. ఆ మనిషి జీతం కూడా ‘ఇతరములు’ పద్దులోదే.

మనకు చేతకాదని మాత్రం నేనొప్పుకోను. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. ఇక్ష్వాకుల విజయపురి నీళ్ల పాలవుతుందని అప్పటికే తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించి నిలబెట్టారు, శిల్పాలకు మ్యూజియం కట్టారు. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన, తిండిగింజలకు వెతుక్కునే దేశం ఆ పని చేసింది. ఎలా చేయగలిగిందంటే, నీళ్లు ఫలానా ఏడాదికి వస్తాయని ఇంజనీర్లు చెప్పారు. గడువు కళ్లెదుట ఉంది. గడువు కనిపిస్తే మన ప్రభుత్వాలు కదులుతాయి. రావి వేరుకూ, గోడలోని తడికీ, ఎండుటాకుకూ గడువు లేదని కాదు. దాన్ని ప్రకటించే ఇంజనీరు లేడు, అంతే.

అందుకే నా వరకు నేను తేల్చుకున్నదిది. మొత్తాలు పెరగాలి, అందులో సందేహం లేదు. అంతకంటే ముందు ప్రతి కట్టడానికీ ప్రతి అడవికీ ఒక చిన్న నికర మొత్తం ఉండాలి. ఒక కాపలా మనిషి, ఒక తాడూ నిచ్చెనా, ఒక సున్నపు గుంట, ఏడాది పొడవునా పనుండే ఇద్దరు మేస్త్రీలు, ఫైర్ లైన్లకు కూలి. ఆ మొత్తాన్ని ఫ్రీజింగ్ తాకకూడదు. మార్చి 31న మిగిలితే వెనక్కి పోకూడదు. జీతాలూ పింఛన్లూ అలా నడిపించగలుగుతున్న ఖజానాకు ఇది చేతకాని పని కాదు. ఆ కంప్యూటర్ల ముందు కూర్చున్నవాణ్ని కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలను.

బడ్జెట్ మర్నాడు పత్రిక తీసి వారసత్వానికి ఎన్ని కోట్లు, అడవులకు ఎన్ని కోట్లు అని చదవడం నేను మానలేదు. దానితో పాటు ఇంకో అలవాటు చేసుకున్నాను. మా జిల్లాలోని ఒక రక్షిత కట్టడానికి పోయినేడాది నిర్వహణ సొమ్ము ఏయే తేదీల్లో విడుదలైందో చెప్పమని పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడుతున్నాను. ఇది ఎవరైనా చేయగలిగిన పనే. మొత్తం ఎంతో మంత్రిగారు సభలో వాళ్లంతట వాళ్లే చెప్తారు. తేదీలు మాత్రం మనం అడిగితేనే బయటికొస్తాయి.